పన్ను ఒకటే, వెల ఎందుకు వేరు?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవడు వీడియో కాల్‌లో నోరు తెరిచి ఊడిన పంటి సందు చూపించి, "తాతా, టూత్ ఫెయిరీ నాకు ఐదు డాలర్లు ఇచ్చింది" అంటే మనం నవ్వుకుంటాం. ఐదు డాలర్లంటే నాలుగు వందల రూపాయల పైమాటే కదా అని మనసులో లెక్క కూడా కట్టుకుంటాం. నేను మాట్లాడదలచింది ఆ లెక్క గురించే. ఎంత ఇవ్వాలి? ఎవరికి తోచినంత వాళ్లు ఇచ్చుకుంటే ఇందులో తప్పేముంది? ఇది మరీ చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. ఆరేళ్ల పిల్లలకు మాత్రం చిన్నది కాదు.

తెలియనివారి కోసం ముందు ఒక మాట. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో పాలపన్ను ఊడితే దాన్ని రాత్రి దిండు కింద పెట్టి పడుకోమంటారు. పిల్లలు నిద్రపోయాక రెక్కలున్న ఒక ఫెయిరీ వచ్చి పన్ను పట్టుకుపోయి, ఆ చోట డబ్బు పెట్టి వెళుతుందని చెబుతారు. అసలు పెట్టేది అమ్మో నాన్నో. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో ఇదే పని ఎలుక చేస్తుంది. ఈ ఫెయిరీని తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. 'పళ్ల దేవత' అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు నొసలు చిట్లిస్తారు. 'దేవదూత' అంటే నేనే చిట్లిస్తాను. ఫెయిరీ అనే ఉంచుదాం.

ఈ ఆచారం మనం అనుకున్నంత పాతదేమీ కాదు. 1908లో చికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఇంటి చిట్కాల శీర్షిక కింద వచ్చిన ఒక చిన్న సలహాలో టూత్ ఫెయిరీ పేరు కనిపిస్తుంది. కదులుతున్న పన్ను పీకించుకోవడానికి మొండికేసే పిల్లలకు ఈ కథ చెప్పండి, ఐదు సెంట్ల వస్తువులు అమ్మే చోటికి వెళ్లి చిన్న చిన్న బహుమతులు కొని దాచుకోండి అని అందులో తల్లులకు చెప్పారు. అంటే మొదట్లో ఫెయిరీ పని పిల్లల భయం పోగొట్టడం. ఇచ్చేది ఏ తల్లైనా కొనగలిగిన ఐదు సెంట్ల వస్తువు.

ఇప్పుడు సంగతి వేరు. డెల్టా డెంటల్ అనే అమెరికా దంత బీమా సంస్థ తల్లిదండ్రులను అడిగి ఏటేటా ఫెయిరీ సగటు ధర ప్రకటిస్తుంది. వాళ్ల లెక్కలో 1998లో ఒక పంటికి సగటున 1 డాలరు 30 సెంట్లు. 2023కు అది 6 డాలర్ల 23 సెంట్లు అయింది. ఆ తర్వాత కొంత తగ్గి 2024లో 5.84, 2025లో 5.01 అన్నారు. 1998 నుంచి 2023 దాకా ఆ దేశంలో వస్తువుల ధరలు మొత్తం మీద రెట్టింపు కూడా కాలేదు. పంటి ధర మాత్రం నాలుగున్నర రెట్లు దాటింది.

ఆ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టి చూద్దాం. 1998లో అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 5 డాలర్ల 15 సెంట్లు. అంటే ఒక తల్లి పావుగంట పనిచేస్తే ఫెయిరీ సగటు ఖర్చు వచ్చేది. 2009 జూలై నుంచి ఆ వేతనం 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి గానీ, పెంచనివి కూడా ఉన్నాయి. అలాంటి రాష్ట్రంలో హోటల్ గదులు తుడిచే తల్లి 2023 సగటు అందుకోవాలంటే యాభై నిమిషాలకు పైగా చాకిరీ చేయాలి. ఒక పంటికి! నోట్లో ఉండేవి ఇరవై పాలపళ్లు. ఇద్దరు పిల్లలుంటే నలభై.

సగటు అనే మాటతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. పత్రికలో సగటు చూసిన తండ్రి దానికంటే తక్కువ ఇవ్వడానికి సిగ్గుపడతాడు. 'మరీ అంత పిసినారితనమా' అనుకుని ఒక డాలరు పైన వేస్తాడు. అందరూ సగటు కంటే కొంచెం ఎక్కువ ఇస్తూ పోతే మరుసటి ఏడు సగటు ఎక్కడ ఉంటుందో చెప్పనక్కర్లేదు. మన దగ్గర పెళ్లి భోజనాలు, బర్త్‌డే రిటర్న్ గిఫ్టులు పెరిగింది ఈ దారిలోనే కదా.

ఇంతవరకూ పెద్దవాళ్ల జేబు గోల. నాకు ముఖ్యమైంది పిల్లల లెక్క.

ఆరేళ్ల పిల్లలకు తమ ఇంట్లో డబ్బు ఉందో లేదో తెలుసు. నేను సండే స్కూల్లో ఆ వయసు పిల్లలతోనే కూర్చుంటాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. "మా నాన్నకి ఒకటో తారీఖున జీతం వస్తుంది, అప్పుడు కొంటాడు" అని ఐదేళ్ల పిల్ల కూడా చెబుతుంది. పక్క పిల్లాడికి కొత్త బూట్లు వచ్చి తనకు రాకపోతే ఏడుస్తుంది, కానీ కారణం తెలుసు. బాధ ఉన్నా అందులో అవమానం లేదు. నాన్న దగ్గర లేదు, అంతే.

ఫెయిరీ దగ్గర ఆ సర్దుబాటు కుదరదు. ఆమె ఎవరి ఇంటి మనిషీ కాదు. ఆమెకు అద్దె లేదు, ఈఎంఐ లేదు, నెలాఖరు లేదు. ఊళ్లో పిల్లలందరికీ ఒక్కతే ఫెయిరీ. మరి ఆమె వాడికి ఇరవై డాలర్ల నోటు పెట్టి, నాకు పావలా బిళ్ల ఎందుకు పెట్టింది? పన్ను చూస్తే ఇద్దరిదీ ఒకేలా ఉంది. అందువల్ల తేడా పంటిలో లేదు, నాలోనే ఉండాలి. నేను అల్లరి చేశానేమో. నా పన్ను మంచిది కాదేమో. ఆమెకు నేనంటే ఇష్టం లేదేమో. పిల్లలు ఇలాగే ఆలోచిస్తారు. వాళ్ల తర్కంలో లోపం లేదు. మనం వాళ్లకు చెప్పిన కథే అబద్ధం కనుక, దానిలోంచి సరైన జవాబు వాళ్లకు దొరకదు. అటు ఇరవై డాలర్లు అందుకున్న పిల్లవాడికీ ఒక పాఠం అందుతుంది. తాను ఎక్కువ విలువైనవాడినని ఎవరో కనిపించనివాళ్లు వచ్చి ధ్రువీకరించి వెళ్లారు. ఆ పాఠం మర్చిపోవడం మరీ కష్టం.

క్రిస్మస్ తాత విషయంలో అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి గ్రహించారు. ఖరీదైన బహుమతి ఇస్తే అది అమ్మానాన్నల పేరు మీద ఇవ్వండి, తాత పేరు మీద చిన్నదే పెట్టండి అని డిసెంబరు రాగానే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎందుకంటే తాత వాళ్ల పిల్లవాడికి సైకిల్ తెచ్చి, పక్కింటివాడికి ఒక జత మేజోళ్లు తెస్తే, ఆ పక్కింటివాడు తాత గురించి ఏమనుకుంటాడు? తన గురించి ఏమనుకుంటాడు? ఫెయిరీకీ అదే నియమం వర్తిస్తుంది.

మనవాళ్లకు ఈ విషయం ఇంకో విధంగా కూడా తగులుతుంది. కనిపించని చోటినుంచి ఎవరికి ఎక్కువ డబ్బు వస్తే వాళ్లే ఎక్కువ ఇష్టులు అనే ఆలోచన మన సంఘాల్లో కొత్తది కాదు. కొత్త కారు కొన్నవారి సాక్ష్యానికి మైకు ఇస్తాం. ఆటో కిస్తీ కట్టలేక బండి పోగొట్టుకున్నవాడికి సాక్ష్యం చెప్పే వంతు రాదు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని కింద కూర్చోబెట్టే సభను యాకోబు తన పత్రికలో ఎంత నిలదీశాడో మనకు తెలుసు. దిండు కింద నోటు మొదలైన చోటునుంచే ఆ సభ మొదలవుతుందేమోనని నా అనుమానం.

స్పెయిన్ ఎలుక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఎలుకకు పెరెస్ అని పేరుపెట్టి కథ రాసింది లూయిస్ కొలోమా అనే జెస్యూట్ గురువు. 1894 ప్రాంతంలో స్పెయిన్ బాలరాజు పదమూడో అల్ఫోన్సోకు ఎనిమిదేళ్ల వయసులో పన్ను ఊడినప్పుడు రాజకుటుంబం అడిగితే రాశాడు. రాజుగారి పన్ను కదా, ఏ వజ్రమో పెట్టి వెళ్లాడని రాసి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. ఆయన అలా రాయలేదు. కథలోని చిన్న రాజు తానే ఎలుకగా మారి, పెరెస్ వెంట ఒక పేద పిల్లవాడి ఇంటికి వెళతాడు. ఆ చలి గది, ఆ లేమి కళ్లారా చూస్తాడు. వాడు కూడా తనకు తమ్ముడే అయితే తనకు ఇంత ఉండి వాడికి ఏమీ ఎందుకు లేదని తల్లిని అడుగుతాడు. ఊడిన పన్ను మీద నూటముప్పై ఏళ్ల కింద రాసిన కథలో అసలు ప్రశ్న ఇది. మనం దిగుమతి చేసుకుంటున్న ఫెయిరీకి ఈ ప్రశ్న లేదు, ధరల పట్టిక మాత్రమే ఉంది.

కొందరు తల్లిదండ్రులు ఇంకో మెట్టు ఎక్కారు. శుభ్రమైన పంటికి పూర్తి ధర, పుచ్చిన పంటికి సగం అంటారు. పిల్లలు సరిగ్గా బ్రష్ చేస్తారని వాళ్ల ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పళ్లు ఎవరివి పుచ్చుతాయో చూడండి. ఇంగ్లండ్‌లో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు ఆసుపత్రిలో చేరడానికి అన్నిటికంటే పెద్ద కారణం పుచ్చుపళ్లే. అందులోనూ పేద ప్రాంతాల పిల్లలే చాలా ఎక్కువ. వాళ్లకు దగ్గర్లో డాక్టరు దొరకడు, ఇంట్లో చవకగా దొరికేది తీపి. పన్ను నొప్పి వాళ్లే పడ్డారు, రాత్రి నిద్ర వాళ్లే పోగొట్టుకున్నారు. పైగా ఫెయిరీ వచ్చి జరిమానా వేసి వెళుతుంది. (మన భాషలో పన్ను అంటే సర్కారుకు కట్టేది కూడా. ఇక్కడ రెండు అర్థాలూ కలిసిపోయాయి.)

డియామోంటే డ్రైవర్ పేరు మన యువత తెలుసుకోవాలి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఉండేవాడు, 12 ఏళ్లు. వాడి పంటికి చీము పట్టింది. కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ మధ్యలో ఆగిపోయింది. తమ్ముడి పళ్లు కూడా పాడైతే చూసే డాక్టరు కోసమే వాళ్లమ్మ అప్పటికి తిరుగుతోంది. డియామోంటే పంటి చీము మెదడుకు చేరింది. రెండు ఆపరేషన్లు చేశారు. ఆరు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉండి 2007 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆసుపత్రి ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల దాకా అయిందన్నారు. ఆ పన్ను ముందే పీకించి ఉంటే 80 డాలర్లు అయ్యేది. వాడి మరణం తర్వాత దేశమంతా కదిలింది. 2009లో పేద పిల్లల ఆరోగ్య బీమా చట్టాన్ని పొడిగించినప్పుడు దంతవైద్యం తప్పనిసరిగా ఉండాలని చేర్చారు. ఒక పంటికి సగటున ఎంత పెట్టారో పైసాతో సహా లెక్కించే దేశంలో 80 డాలర్ల దగ్గర ఒక బిడ్డ పోయాడు. ఫెయిరీ ఎంత ఇవ్వాలి అనే ప్రశ్న పక్కన ఈ 80 కూడా రాసి ఉంచుకోవాలి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? బెంగళూరులో, చెన్నైలో, పుణెలో ఉంటున్న మన తెలుగు ఇళ్లలోకి ఫెయిరీ ఎప్పుడో వచ్చేసింది. ఇంగ్లీషు మీడియం పుస్తకాల్లోంచి వచ్చింది, పెప్పా పిగ్ కార్టూన్‌లోంచి వచ్చింది. ఆ కార్టూన్‌లో పెప్పాకు దక్కేది ఒక మెరిసే నాణెం మాత్రమే, ఆ మాట చెప్పి తీరాలి. మన ఇళ్లలో నోట్లు పెడుతున్నారు. రెండు వందలు పెట్టిన ఇల్లు నాకు తెలుసు, ఐదు వందలు పెట్టిన ఇల్లు తెలుసు. ఆ పిల్లలు మర్నాడు బడికి వెళ్లి చెప్పుకోకుండా ఉంటారా?

ఆ బడిలో పక్కన ఎవరు కూర్చుంటారు? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలోనో అంతకు ముందో నాలుగో వంతు సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. సరిగ్గా పాలపళ్లు ఊడటం మొదలయ్యే వయసు అది. ఒకే బెంచీ మీద కంపెనీ మేనేజరు కొడుకు, ఆ మేనేజరు అపార్ట్‌మెంటుకు కాపలా కాసే మనిషి కూతురు కూర్చునే వయసు కూడా అదే. (మైనారిటీ బడులకు 2014లో సుప్రీంకోర్టు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. మన మిషన్ బడుల్లో ఆ బెంచీ ఉండాలా వద్దా అన్నది చట్టం మనకే వదిలేసింది. ఎన్ని బడులు తమంతట తాము ఆ సీట్లు ఇస్తున్నాయో మన సంఘాల్లోని వాళ్లు అడగవచ్చు. అది ఇంకో వ్యాసం.) బడి సంగతి అలా ఉంచినా, ఆదివారం సండే స్కూలు చాప మీద మాత్రం అన్ని ఇళ్ల పిల్లలూ పక్కపక్కనే ఉంటారు. అక్కడ నోరు తెరిచి సందు చూపించుకోవడం కంటే ముఖ్యమైన పని ఇంకేం ఉంటుంది!

మా అమ్మమ్మ కాలంలో ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరేవాళ్లు. పెంకుటిల్లు అయితే పెంకుల మీదకు, పూరిల్లు అయితే గడ్డి మీదకు. కొన్ని ఇళ్లలో మట్టిలో పాతిపెట్టేవారు. డబ్బు ప్రసక్తి లేదు. కొత్త పన్ను రావడమే బహుమతి. ఆ రోజులు గొప్పవని నేను అనడం లేదు. పెంకుల ఇల్లు ఎవరిది, గడ్డి ఇల్లు ఎవరిది, ఊరికి ఏ దిక్కున ఎవరి ఇళ్లు ఉండేవి, మనకు తెలియనిది కాదు. కానీ ఆ ఊళ్లో కూడా పంటికి ధర కట్టలేదు. అన్నిటా తేడా చూపిన ఊరు కూడా తేడా చూపని ఒక చోటు అది. దాన్ని మనమే పోగొట్టుకోవడం బాగుండదు.

అయితే ఫెయిరీని తరిమేద్దామా? నేను ఆ పక్షం కాదు. పన్ను ఊడేటప్పుడు రక్తం చూసి బెదిరే పిల్లకు ఒక కథ, ఒక ఎదురుచూపు ఉండటం మంచిదే. పిల్లలతో అబద్ధం ఆడవచ్చా అని అడిగే పెద్దలుంటారు. 'ఇది మనం ఆడుకునే ఆట' అని చెప్పి ఆడినా పిల్లలు అంతే సంబరంగా ఆడతారు. నాకు పేచీ ఉన్నది మొత్తం దగ్గరే.

ఎంత ఇవ్వాలో చెబుతాను. ఇక్కడ పది రూపాయల బిళ్ల. అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక డాలరు, దొరికితే బంగారు రంగు డాలరు నాణెం. బ్రిటన్‌లో ఒక పౌండు. మొదటి పంటికైనా చివరి దవడపంటికైనా అంతే, పుచ్చినదానికైనా తెల్లగా మెరిసేదానికైనా అంతే. నోటు వద్దు, నాణెమే. నాణేనికి ఒక హద్దు ఉంటుంది, నోటుకు లేదు. ఇరవై పళ్లకూ కలిపి రెండు వందల రూపాయలు, ఆరేళ్ల వయసునుంచి పన్నెండేళ్ల దాకా పరుచుకుని. ఇది మన సంఘంలో చెత్త బండి నడిపే ఇంటికీ అందుతుంది, ఐటీ కంపెనీ ఇంటికీ అందుతుంది. అందాలనే ఈ అంకె చెబుతున్నాను.

"మా డబ్బు, మా పిల్లాడు, మీకెందుకు" అనేవారికి నా జవాబు చిన్నది. మీ పిల్లవాడికి ఎంతైనా ఇవ్వండి, మీ పేరు మీద ఇవ్వండి. పుట్టినరోజుకు ఇవ్వండి, పరీక్ష బాగా రాసినందుకు ఇవ్వండి. "అమ్మ ఇచ్చింది" అని వాడు బడిలో చెప్పుకుంటే పక్క పిల్లకు కారణం అర్థమవుతుంది. ఫెయిరీ మీ ఒక్కరి ఇంటిది కాదు, ఆమె పేరు వాడుకుంటే ఆమె హద్దులో వాడుకోవాలి. అమెరికా మనవలకు డబ్బు పంపే తాతయ్యలకు, అమ్మమ్మలకు కూడా ఇదే మాట.

మిగిలిన డబ్బు ఏం చేయాలి అంటే, పంటి కోసమే ఖర్చు పెట్టవచ్చు. పాలపళ్లు ఎలాగూ ఊడేవేగా అని మన ఇళ్లలో పుచ్చినా పట్టించుకోరు. వెనక దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి, వచ్చే పంటికి చోటు కాపాడేవి అవే. నొప్పికి పాలపన్నా గట్టిపన్నా అనే తేడా లేదు. చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పళ్ల డాక్టరు ఉండరు. కానీ మన నగరాల్లో డెంటల్ కాలేజీలకు కొదవ లేదు, అక్కడ తక్కువ ఫీజుకు చూస్తారు, అడిగితే బస్తీలకు వచ్చి శిబిరాలు పెడతారు. యువజన కూటమి వాళ్లు ఒక ఉత్తరం రాసి, ఒక శనివారం చర్చి హాలు తెరిస్తే సండే స్కూలు పిల్లలందరి నోళ్లూ ఒక్క పూటలో చూపించవచ్చు. కుర్చీలు, బకెట్లు, తాగే నీళ్లు మనం చూసుకోవాలి.

పది రూపాయల బిళ్ల గురించి ఒక్క మాట మిగిలింది. దిండు కింద దొరికిన బిళ్ల పట్టుకుని పిల్ల కొట్టుకు పరుగెత్తితే "ఇది చెల్లదు" అనే కొట్టువాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు. అన్ని నమూనాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చాలాసార్లు చెప్పింది. ఆ పూట పిల్లతోపాటు మీరూ కొట్టుదాకా వెళ్లండి.